కుళాయి అనరాదు

"సలోమీ, ఇవాళ ప్రార్థనలో ఆ కుళాయి ఊసెత్తమాకే. నా మాట విను. ఏదో ఒకటి మన మీద పడుద్ది."

ఆదివారం పొద్దున గుడికి బయల్దేరుతూ మా అమ్మాయి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే నేనన్న మాట ఇది. సలోమి నవ్వింది. దేవుడి దగ్గర కూడా నీళ్ళ గురించి చెప్పుకోకపోతే ఇంకెవరి దగ్గర చెప్పుకోమంటావమ్మా అంది. చంటిదాన్ని నా చేతికిచ్చి ముందు నడిచింది.

నాకు భయం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. కాదనను. మా ఆయన లారీ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఏ ఫోను మోగినా పోలీసుస్టేషను నుంచే అనుకుంటాను. పెళ్ళిభోజనాల్లో చేప వడ్డిస్తే ముల్లు ఎవరి గొంతులో ఇరుక్కుంటుందా అని నా విస్తరి వదిలేసి బంతి మొత్తం చూస్తుంటాను. ఇంత భయస్తురాలిని, నాకే తట్టని సంగతి ఆ ఆదివారం జరిగింది.

ముందు కుళాయి సంగతి చెప్పాలి. మా పెదకాలవలో పేట మొత్తానికి ఒకటే కుళాయి. పంచాయతీ ట్యాంకు నుంచి దానికొచ్చే పైపు మా గుడి ఆవరణ కింద నుంచి వస్తుంది. గుడి అంటే మా చర్చి. ఆ పైపు పగిలింది. పక్కనే మురుగుకాలవ. బిందె పడితే నీళ్ళు టీ రంగులో పడేవి, వాసన టీది కాదు. కాచి, గుడ్డలో వడపోసి, చల్లార్చి పట్టినా సలోమి కూతురు షారోనుకి విరేచనాలు తగ్గలేదు. దానికి ఏడు నెలలు. అప్పటికే రెండుసార్లు సెలైను పెట్టించుకుని వచ్చాం. నరం దొరక్క నర్సమ్మ దాని పాదానికి సూది గుచ్చుతుంటే నేను బయట గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాను.

నీళ్ళ ఇంజనీరుగారు వచ్చి, గుడి ఆవరణలో వేపచెట్టుకీ ప్రహరీకీ మధ్య ఒకచోట కాలితో నేలని తట్టారు. ఇక్కడే విరిగింది, రెండు ముక్కలూ ఎడంగా జరిగాయి, తవ్వి జతచేస్తే గంట పని అన్నారు. అయితే ఇది చర్చి సంఘం స్థలం కాబట్టి తవ్వడానికి అభ్యంతరం లేదని సంఘం సెక్రటరీ సంతకం, స్టాంపు ఉన్న కాగితం కావాలట. అది చేతికి రాగానే గునపం దింపిస్తానన్నారు.

మా సంఘం సెక్రటరీ సత్యానందంగారు. రిజిస్ట్రేషను ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి దిగిపోయారు. ఆఫీసు వదిలేశారు గానీ ఆఫీసు ఆయన్ని వదల్లేదు. అన్నానికి పిలిస్తే 'ఇందుమూలముగా వచ్చుచున్నాను' అంటారని వాళ్ళావిడే స్త్రీల సమాజంలో చెప్పింది. మేం పెట్టుకున్న అర్జీ నెలన్నర నుంచి ఆయన బీరువాలో ఉంది. పరిశీలనలో ఉంది అనేవారు. బీరువాకి తాళం వేసి పరిశీలించడం ఎట్లాగో మాకు తెలియదు, మేం ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళం కాదు.

అందుకని సలోమి, స్త్రీల సమాజం కార్యదర్శి హోదాలో, ఆ ఆదివారం విన్నపాల ప్రార్థన తన వంతు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని దేవుడితో నేరుగా మాట్లాడింది.

"మా కుళాయిని మరిచిపోకు తండ్రీ. ఈ ఏడన్నా మా కుళాయికి మంచిరోజులు తీసుకురా. ఊరంతా మా కుళాయి వైపు చూసేలా చెయ్యి."

గుడి మొత్తం ఒక్క గొంతుతో ఆమెన్ అంది. నేనూ అన్నాను, కాస్త మెల్లిగా.

మాకు తెలియంది ఏమిటంటే, ముందురోజు సాయంత్రమే సర్పంచి ఎన్నికలకి గుర్తులు పంచారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీలుండవు కదా, నిలబడ్డవాళ్ళకి ఇంట్లో వాడుకునే సామానే గుర్తులుగా ఇస్తారు. ఎరువులకొట్టు నాగభూషణానికి గొడుగు. ఇంకో ఇద్దరికి నిచ్చెనా రొట్టే. ఇటుకబట్టీ వెంకటరత్నానికి కుళాయి.

ఆ వెంకటరత్నం సరిగ్గా అప్పుడే మా ప్రహరీ పక్కన ఆటోకి మైకు కట్టించుకుంటున్నాడు. గుళ్ళోంచి నూటయాభై గొంతులు తన గుర్తుకి ఆమెన్ అనడం విని మనిషికి కాళ్ళూ చేతులూ ఆడలేదట. ఆరాధన ముగిసి బయటికొచ్చేసరికి గేటు దగ్గర శాలువా పట్టుకుని నిలబడి ఉన్నాడు. సలోమికి కప్పి, చెల్లెమ్మా, నీ మేలు జన్మలో మరిచిపోను అన్నాడు. మీకేం మేలు చేశానన్నా అని అది అడుగుతుండగానే ఎవరో ఫోటో తీశారు. మధ్యాహ్నం అన్నాలు తినేసరికి ఆ ఫోటో ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. ఒంటిగంటకల్లా గొడుగువాళ్ళు సత్యానందంగారింటి ముందున్నారు, గొడుగులతో.

నేను చెప్పలేదా అన్నాను సలోమితో. చెప్పావు, కానీ శాలువా అని చెప్పలేదు అంది.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. మరుసటి ఆదివారం సత్యానందంగారు లేచి కాగితం చదివారు.

"ఇందుమూలముగా సంఘ సభ్యులకు తెలియజేయడమేమనగా, సంఘము పరలోక సంబంధమైనది అయినందునను, కుళాయి ఇహలోక సంబంధమైనది అయినందునను, ఎన్నికలు ముగియువరకు ఆవరణలో కుళాయి అను మాటను నోటితోగాని, వ్రాతతోగాని, చేతి సైగతోగాని ఉచ్చరించరాదు. ఉచ్చరించువారు హోదా, వయస్సు, బంధుత్వములతో నిమిత్తము లేకుండా ఆరు మాసములు పదవినుండి తొలగింపబడి, వారి పేరు బోర్డుపై అంటింపబడును."

చదవడం కోసం ఆయన ఆ మాటని రెండుసార్లు ఉచ్చరించారు. అప్పటికి నియమం అమల్లోకి రాలేదు కాబట్టి చెల్లుబాటవుతుందని ఆయనే చెప్పారు. అమలు సమయం పగలు పదకొండు గంటల పది నిమిషాలు. బోర్డు మీద మొట్టమొదట ఎక్కిన పేరు మా సలోమిది. చేసిన తప్పు నియమానికంటే వారం ముందుది కదా అని మా ఆయన ఫోనులో అడిగాడు. ఆ వారాన్ని కూడా నియమంలో కలుపుకున్నారని చెప్పాను.

ఇక్కడ ఇమ్మానుయేలు మాస్టారు లేచారు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతారు, అభ్యుదయంగా మాట్లాడతారు. సత్యానందంగారికీ ఆయనకీ మైకు దగ్గర ఎప్పట్నుంచో పడదు. సంఘం ఉప్పు లాంటిది, ఉప్పు డబ్బాలో ఉండి ఏం లాభం, సమాజమనే కూరలో పడాలి అన్నారు మాస్టారు. సంఘం పరలోకపు రాయబార కార్యాలయం, రాయబారులు పరదేశంలో వీధి తగాదాల్లో తలదూర్చరు అన్నారు సత్యానందంగారు. మరి రాయబారులు దాహమేస్తే ఎక్కడ తాగుతారు అన్నారు మాస్టారు. ఆ ప్రశ్న రాజకీయం అన్నారు సత్యానందంగారు. వెనక బెంచీల్లో ఉప్పువాళ్ళు, కార్యాలయంవాళ్ళు అని రెండు పక్షాలయ్యాయి. భార్య ఉప్పూ భర్త కార్యాలయమూ అయిన ఇళ్ళు కూడా కొన్ని తేలాయి.

చివరికి ఓట్లు పెట్టి ఒక ఉపసంఘం వేశారు. పేరు రాజకీయ స్పర్శ నివారణ ఉపసంఘం. అధ్యక్షులు సత్యానందంగారు. నియమాలు పాటించారో లేదో రాసిపెట్టే పని మాస్టారికిచ్చారు, ఆయన నోరు మూయించడానికి. మాస్టారు ఆ రోజు నుంచీ నల్లట్ట నోటుబుక్కు చంకలో పెట్టుకుని, పెన్ను మూత తీసే ఉంచి తిరిగారు.

సలోమి అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. బోర్డు ముందు నిలబడి, కుళాయి అనొద్దంటే పైపు అంటాం అంది. గంటలో రెండో కాగితం వచ్చింది. 'సదరు వస్తువు యొక్క బంధుమిత్రులైన పైపు, ట్యాంకు, బిందె, బకెట్టు, నీళ్ళు' కూడా నిషేధంలోకి వచ్చాయి.

ఒక గుర్తునే నిషేధిస్తే పక్షపాతం అవుతుందని ఉపసంఘానికి తరవాత తోచింది. సమదృష్టి కోసం మిగిలిన మూడూ చేర్చారు. ముసురు పట్టిన రోజులు. అందరూ గొడుగులు ఇంట్లో వదిలి తడుస్తూ వచ్చి, తడిబట్టలతో కూర్చుని, తుమ్ముతూ పాటలు పాడారు. మరియదాసు తాతకి జ్వరం వచ్చింది. గోడమీద చిన్నపిల్లల తరగతివాళ్ళు వేసిన నిచ్చెన బొమ్మ ఒకటుంటే, దాని మీద దేవదూతలు ఎక్కుతూ దిగుతూ ఉంటారు, దానిమీద కేలండరు మేకు కొట్టి కప్పేశారు. ఆ కేలండరు ఎరువులకొట్టు నాగభూషణం పంచిపెట్టిందని, కింద ఆయన ఫోటో ఉందని ఆరాధన సగంలో ఉండగా ఎవరో చూశారు. కేలండరు మీద దుప్పటి కప్పారు. దుప్పటి మీద గులాబీపూలున్నాయి. అవి ఎవరి గుర్తూ కాదని ఎన్నికల అధికారికి ఫోను చేసి కనుక్కున్నాకే పాట మొదలుపెట్టారు.

నెల మొదటి ఆదివారం బల్ల ఆరాధన వచ్చింది, అందరికీ తలా ఒక రొట్టెముక్క పంచేది. రొట్టె అనకూడదు. మా గుడి పాస్టరు, మేం అయ్యగారు అంటాం, దానియేలుగారు పెద్దాయన, ప్రసంగం తప్పిస్తే వారం మొత్తంలో పది మాటలు మాట్లాడని మనిషి. పళ్ళెం పట్టుకుని వరస వెంట నడుస్తూ, 'ఇది తీసుకోండి' అని మాత్రం అంటూ వచ్చారు. మరియదాసు తాతకి జ్వరంతో చెవులు ఇంకా దిబ్బడేశాయి. ఏంటయ్యా ఇది అని గట్టిగా అడిగాడు. అయ్యగారు జవాబు చెప్పలేదు. తాత మళ్ళీ అడిగాడు. వెనక నుంచి తాత భార్య రొట్టయ్యా రొట్టె, మింగు అంది. మాస్టారు రాసుకున్నారు. ఆవిడకి ఏ పదవీ లేకపోతే, ఆరు నెలలు తొలగించడానికి వీలుగా ముందు గుడి ఊడ్చే కమిటీలో సభ్యురాల్ని చేశారు.

ఇదంతా నేను నవ్వులాటకి చెబుతున్నాను గానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు. షారోను మళ్ళీ పాలు కక్కడం మొదలుపెట్టింది. నేను ధైర్యం చేసి సత్యానందంగారింటికి వెళ్ళాను. దారిపొడుగునా ఆయన కుక్క కరుస్తుందని, కరవకపోతే ఆయన కేసు పెడతారని అనుకుంటూ వెళ్ళాను. రెండూ జరగలేదు. వరండాలో కూర్చోమన్నారు. పక్కన స్టాండు మీద నీళ్ళ టిన్ను బోర్లించి ఉంది, పట్నం నుంచి ఆటోలో వచ్చేది. వాళ్ళావిడ గ్లాసుతో నీళ్ళిచ్చింది. అద్దంలా ఉన్నాయి. తాగకుండా చాలాసేపు చూశాను.

కాగితం ఇప్పించండయ్యా, బిడ్డ దక్కేట్టు లేదు అన్నాను.

"ఏస్తేరమ్మా, నీ బాధ నాకు తెలియదనుకోకు. కానీ ఆ కాగితంలో ఏం రాయాలి? ఫలానా వస్తువుని బాగుచేయడానికి సంఘానికి అభ్యంతరం లేదు అని రాయాలి. అంటే ఆ వస్తువు మీద సంఘానికి అభ్యంతరం లేదనేగా. రేపు వెంకటరత్నం దాన్ని అచ్చువేసి గోడలకి అంటిస్తే?"

"మరి షారోను విరేచనాలో?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రస్తుత పరిస్థితుల్లో అవి కూడా రాజకీయమేనమ్మా. ఎన్నికలు అయిపోనీ. పది రోజులు."

పది రోజులు ఓర్చుకుందామనే వచ్చాను. దారిలో ఇమ్మానుయేలు మాస్టారు ఎదురుపడితే ఆయనకీ చెప్పుకున్నాను. మాస్టారు చాలా కదిలిపోయారు. ఇది ఒక్క షారోను సమస్య కాదు, వ్యవస్థ సమస్య అన్నారు. ఆ శనివారమే హైస్కూల్లో 'సమాజంలో సంఘం పాత్ర' అని సదస్సు పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగింది. పట్నం నుంచి ముగ్గురు వక్తలొచ్చారు. బల్లమీద ఒక్కొక్కరి ముందూ మూత తీయని నీళ్ళసీసా. సాయంత్రం మూడు తీర్మానాలు చేశారు. వాటిల్లో మా పేట పేరు లేదేమండీ అని సలోమి అడిగితే, ఒక ఊరి పేరు పెడితే తీర్మానం స్థాయి తగ్గుతుందన్నారట.

తొమ్మిదో రోజు ఎన్నికలు ఆగిపోయాయి. వార్డుల విభజన తప్పుగా జరిగిందని ఎవరో కోర్టుకి వెళ్ళారు. కోర్టు ఆపేసింది. ఎప్పుడు జరుపుతారో చెప్పలేదు. ఇట్లాంటివి రెండేళ్ళు కూడా ఆగుతాయని పేపర్లో రాశారు.

ఉపసంఘం ఆ సాయంత్రం కూర్చుంది. ఎన్నికలు జరగలేదు కాబట్టి ముగియలేదు, ముగియలేదు కాబట్టి నియమం ముగియలేదు అని తేల్చి లేచింది. వెంకటరత్నం మైకు విప్పేసుకుని బట్టీకి వెళ్ళిపోయాడు. నాగభూషణం ఎరువులు అమ్ముకుంటున్నాడు. ఊళ్ళో ఎన్నికలు జరుగుతున్నది ఒక్క మా గుళ్ళోనే.

షారోనుకి మూడోసారి సెలైను పెట్టారు. ఈసారి డాక్టరుగారు సలోమిని పక్కకి పిలిచి, నీళ్ళు మార్చకపోతే నేనేం చెయ్యలేనమ్మా అన్నారు. సలోమి నాతో చెప్పలేదు. దాని మొహం చూసి నేనే అడిగి చెప్పించుకున్నాను. ఎప్పుడూ లేనిది, ఆ రోజు నన్ను ఎక్కువ భయపడొద్దని అనలేదు.

మర్నాడు పొద్దున్నే అయ్యగారింటికి వెళ్ళాను. దానియేలుగారు అరుగు మీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నారు. పుస్తకంలో అచ్చయి ఉన్నది తప్ప వేరే ఒక్క మాట గుళ్ళో పలకకూడదని ఉపసంఘం ఆయనకి రాసి ఇచ్చింది. ఆయన కుడిచేతి పక్కన ఆ కాగితం మీద మందుసీసా పెట్టి ఉంది, ఎగిరిపోకుండా.

ఆయన్ని ఏదన్నా చెయ్యమని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. ఊరికే ఏడ్చాను. ఏడుస్తూ ఏదో అన్నాను.

"మా పెళ్ళికి గుళ్ళో మూడు ఆదివారాలు ప్రకటన చదివారయ్యా. ఎవరన్నా లేచి అభ్యంతరం ఉందంటారేమోనని ఆ మూడు వారాలూ నాకు అన్నం దిగలేదు. నాలాంటిదానికి అభ్యంతరం లేదని మూడుసార్లు అడిగి స్టాంపేసి ఇచ్చారు. విరిగిపోయిన రెండు ముక్కలకి ఒక్కసారి ఇవ్వలేరా?"

విసనకర్ర ఆగింది. అయ్యగారు లోపలికెళ్ళారు. చాలాసేపు రాలేదు. మనిషి పడిపోయారేమోనని నేను లేచేలోపల ఒక పాత పుస్తకం తుడుచుకుంటూ వచ్చారు. పెళ్ళి ప్రకటనల పుస్తకం. దొరల కాలం నుంచి అదే నమూనా. పేజీ కింద చీటీ అచ్చయి ఉంటుంది, చింపి ఇవ్వడానికి. దాన్ని వేలితో నాకు చూపించారు. కూడబలుక్కుని చదివాను. 'పై ఉభయులను జతపరచుటకు సంఘమునకు అభ్యంతరము లేదు.' కింద సెక్రటరీ సంతకం, సంఘం స్టాంపు.

"పుస్తకంలో ఉన్నదే చదవమన్నారు కదమ్మా" అన్నారు అయ్యగారు.

మా గుళ్ళో ఒక ఆచారం ఉంది, అది చెప్పాలి. వేరేచోట ప్రకటన చదివాక ఎవరూ మాట్లాడకపోతే సరిపోతుందట. మా దగ్గర సరిపోదు. మూడో ఆదివారం సెక్రటరీ లేచి, సంఘం తరపున అభ్యంతరం లేదని అందరూ వినేట్టు నోటితో చెప్పాలి. చెప్పి అక్కడే సంతకం చెయ్యాలి. నా పెళ్ళప్పుడు ఆ సెక్రటరీ లేవడానికి మోకాళ్ళనొప్పులతో కాస్త ఆలస్యం చేస్తే నేను కళ్ళు తిరిగి పడ్డాను.

ఆ ఆదివారం అయ్యగారు పుస్తకం విప్పి, ఖాళీలు నింపిన పేజీ చదివారు.

"ఈ ఊరిలో తూర్పు వైపు నివసించుచున్న ఒకరిని, పేట వైపు నివసించుచున్న మరియొకరిని జతపరచుటకు ఉద్దేశించడమైనది. వీరు పూర్వము కలిసియుండి, మధ్యలో విడిపోయి, ప్రస్తుతము పది అంగుళముల దూరములో నివసించుచున్నారు. ఇది మొదటి ప్రకటన."

మా పేటలో గోడకీ గోడకీ మధ్య అంతకంటే ఎడం ఉండదు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. ఎవరా జంట అని మాత్రం వారమంతా చెప్పుకున్నారు. విడిపోయి కలుస్తున్నారంటే ఫలానావాళ్ళే అని ముగ్గురు నలుగురు జంటల పేర్లు పైకొచ్చాయి. అందులో ఒక జంట అసలు విడిపోయారని అప్పటిదాకా మాకు తెలియదు.

సత్యానందంగారు మాత్రం పేర్లు లేకుండా ప్రకటన ఏమిటని అయ్యగారికి లిఖితపూర్వకంగా రాశారు. అయ్యగారు లిఖితపూర్వకంగానే జవాబిచ్చారు. 'పేర్లు చదివినచో ఉపసంఘము వారి నియమమునకు భంగము.' సత్యానందంగారికి అది సబబుగా కనిపించింది. ఎవరి ఇంటిపేరో నిచ్చెన అనో గొడుగు అనో ఉండి ఉంటుందని, ఓటర్ల జాబితా తెప్పించుకుని వారం రోజులు వెతికారు. నియమం ఇంత లోతుగా అమలవుతున్నందుకు సంతోషించారని కూడా విన్నాను.

రెండో ప్రకటన చదివేనాటికి పేట మొత్తానికి తెలిసింది. నేను చెప్పలేదు. సలోమి చెప్పింది. గట్టిగా దగ్గితే కూడా బయటపడుతుందేమోనని నేను ఆ వారమంతా దగ్గకుండా గడిపాను. ఆరాధనలో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ప్రార్థన మరీ గాఢంగా జరుగుతోందని సత్యానందంగారు మెచ్చుకున్నారు.

మూడో ఆదివారం చినుకులు పడుతున్నాయి. గుడికి వచ్చేసరికి వేపచెట్టుకీ ప్రహరీకీ మధ్య నేల మీద సున్నంతో రెండు గీతలు గీసి ఉన్నాయి. గీతల పక్కన నీళ్ళ ఇంజనీరుగారు తలమీద అట్ట పెట్టుకుని నిలబడ్డారు. ఆయన వెనకాల ఒక మనిషి గునపంతో ఉన్నాడు, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. ఎందుకయ్యా ఇంత ముస్తాబు అని మరియదాసు తాత అడిగితే, పెళ్ళి అన్నారు కదండీ అన్నాడు.

సత్యానందంగారు ఆ గీతల ముందు ఆగారు. తూర్పు వైపు చూశారు. పేట వైపు చూశారు. రెండింటి మధ్యా వేళ్ళతో అంగుళాలు కొలిచినట్టు నాకు అనిపించింది. తరవాత లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

పాటలయ్యాయి. ప్రసంగం బదులు బైబిలు చదవడమయింది. అయ్యగారు పుస్తకం విప్పారు. తూర్పు వైపు ఒకరు, పేట వైపు ఒకరు, పది అంగుళాల దూరం, అంతా మళ్ళీ చదివారు. చదివి, ఎప్పటి నుంచో అచ్చయి ఉన్న ఆఖరి వాక్యం చదివారు.

"ఇది మూడవ ప్రకటన. అభ్యంతరమున్నవారు లేచి, జతపరచబడువారు ఎవరైనదియు, కారణమేమైనదియు సంఘమంతయు వినునట్లు స్పష్టముగా చెప్పవలెను. అభ్యంతరము లేనిచో సెక్రటరీగారు చెప్పవలెను."

సత్యానందంగారు లేచారు.

"ఈ జత..." అన్నారు. ఆగారు. "ఈ జత మనుషులది కాదు."

అయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "మరి ఎవరిది బాబూ?"

సత్యానందంగారు నోరు తెరిచారు. పెదాలు సున్నాలా చుట్టారు, కు అనేముందు ఎవరమైనా చుట్టినట్టే. ముందు బెంచీలో చిన్న చప్పుడు వినిపించింది. ఇమ్మానుయేలు మాస్టారు నోటుబుక్కు తెరిచి, గడియారం చూసి, పెన్ను కాగితం మీద ఆనించారు. ఆయన మొహంలో అంత భక్తి నేనెప్పుడూ చూడలేదు. సత్యానందంగారు పెదాలు విప్పారు. ఈసారి పైపు అనడానికి రెండూ కలిపారు. మాస్టారి పెన్ను కదిలింది. పెదాలు కలిపినవి కలిపినట్టే ఉండిపోయాయి.

రేకుల మీద చినుకుల చప్పుడు. ఆయన కిటికీ వైపు చూశారు, గునపం మనిషి లోపలికి తొంగి చూస్తున్నాడు. ద్వారం పక్కన బోర్డు వైపు చూశారు. దాని మీద సలోమి పేరుంది, దాని కింద మరియదాసు తాత భార్య పేరుంది, దాని కింద ఇంకో పేరుకి సరిపడా ఖాళీ ఉంది. ఆయనకి గుండెపోటు వస్తుందనుకున్నాను. ఆయనకి కాకపోతే నాకు వస్తుందనుకున్నాను. కోపం పట్టలేక కుళాయి అని అరిచేస్తారని, ఆరు నెలలు పదవి పోయినా సరే అనుకుంటారని, స్టాంపు ఆయన జేబులోనే ఇంటికి పోతుందని అనుకున్నాను. కరెంటు పోతుందని, పైకప్పు కూలుతుందని, ఇంజనీరుగారు విసుగొచ్చి వెళ్ళిపోతారని కూడా అనుకున్నాను. షారోను నా ఒళ్ళో మూలిగింది. దూదిలా తేలిగ్గా ఉంది. సలోమి చెయ్యి చాపి దాని పాదం, సూది గుచ్చిన చోట, పట్టుకుంది.

గోడ గడియారం ముల్లు ఒకసారి జరిగింది. ఇంకోసారి జరిగింది. మూడోసారి కూడా జరిగింది. అయ్యగారు తొందరపెట్టలేదు. పుస్తకంలో తొందరపెట్టమని లేదు.

సత్యానందంగారు జేబులోంచి చేతిరుమాలు తీసి, మూతి చుట్టూ తుడుచుకుని, స్టాంపు పెట్టె బల్లమీద పెట్టారు.

"ఇందుమూలముగా" అన్నారు, గొంతు సవరించుకుని, "అభ్యంతరము లేదు."